గుట్ట కోసిన చోట చుక్క

జనవరి 4, ఆదివారం

పాప పాలు: 5.10, 7.40, 10.15, 1.00, 3.30, 6.20. రెండుసార్లు కక్కింది, కొద్దిగానే. బరువు 3 కిలోల 900. పుట్టి నేటికి నలభై రెండు రోజులు.

బుచ్చవ్వ వచ్చి నూనె రాసి నీళ్లు పోసింది. కాళ్ల మీద బోర్లా వేసుకుని రుద్దుతుంటే పాప ఏడవలేదు. "దొరసానీ, గీ పొల్ల ఏడ్వది సూడు, అంత మీ బిడ్డ తీరే. మొండిది" అంది. ప్రజ్ఞ గదిలోంచి, "నేను వింటున్న బుచ్చవ్వా" అని అరిచింది. నవ్వుకున్నాం.

పదకొండింటికి అల్లుడు సాయిచంద్ నిర్మల్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల బాపు అంతయ్యగారికి ఎడమ కన్ను పూర్తిగా పోయినట్టే. షుగర్ వల్ల లోపల రక్తం కారుతోందట. కుడి కంటికి హైదరాబాదులో సూది వేసి పంపించారు. అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమన్నారు. చూడవలసినవి ఉంటే ఇప్పుడే చూసుకోండి అన్నారట. కంటి బాధ వల్లే ఇరవై ఒకటో రోజు పేరు పెట్టినప్పుడు కూడా ఆయన రాలేకపోయారు. పాపను ఇంతవరకు చూడలేదు.

తర్వాత ఆయనే ఫోన్ అందుకున్నారు. "చెల్లే, పొల్లను ఫోన్ల సూపెడితే తెల్లగ మెరుత్తది, గంతే. ఎండల, దగ్గరికి వట్టుకొని సూత్తేనే జర కనవడుతది. నేనే బస్సెక్కి వత్త. ఒక్క పూట కూసుండి పోత."

"ఎందుకన్నా గంత కష్టం? మూఢం పోంగనే మేమే తోల్కొస్తం" అన్నాను.

సూది వేసి వారం కాలేదు. బస్సు కుదుపులు, దుమ్ము. ఆయన మంచికే చెప్పాను.

జనవరి 6, మంగళవారం

ప్రజ్ఞతో వాదన. రాసి పెట్టుకోవడం మంచిది, తర్వాత నేను అన్నాను, నువ్వు అన్నావు అని రాకుండా.

"అమ్మా, ఒక్క రోజు పోయి ఆయనకు చూపించి వస్తం. పొద్దున పోతే రాత్రి వరకు వస్తం."

"ఒక్క రోజైనా గడప దాటితే దాటినట్టే. మూఢంల బాలింతను, పసిపిల్లను అత్తగారింటికి తొలిసారి తోలద్దు. నీకు ఎరుకే."

"మూఢం అంటే ఏంది? శుక్రుడు సూర్యుని వెనకకు పోయిండు. మనకు కనపడుతలేడు. గంతే కద? ఎవ్వరి మీద అలిగి పోలే."

బడిలో భౌతిక శాస్త్రం చెబుతుంది. దానితో వాదించలేను. కాలెండర్ తీసి చూపించాను: ఫిబ్రవరి 17న మూఢం విడుపు.

"కాలెండర్ లేనప్పుడు ఎట్ల చూసేటోళ్లు? కంటితోనే కద. సాయంత్రం పడమర చుక్క కనపడితే మూఢం పోయినట్టు. పదిహేడుకు ముందే కనపడుతది చూడు. కనపడ్డ తెల్లారి పోతం. ఒప్పుకో."

ఒప్పుకున్నాను. ఫోన్‌లో యాప్ చూపిస్తే లెక్కకాదు, కంటికి కనిపించాలి అన్నాను. సరే అంది. బాలింత పొద్దుగూకే వేళ మేడ మీదికి రాకూడదు కాబట్టి చూడవలసింది నేనే.

"నీ మాట మీదనే ఉంట" అంది. "ఒకసారి దాటిన. మళ్ల దాట."

ఆ ఒకసారి సంగతి మేమెవ్వరం మాట్లాడుకోము. 2024 మార్చిలో రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుని ఫోన్ చేసింది. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ల ఇంటికా అన్నాను. అంతే అన్నాను, ఫోన్ పెట్టేశాను. ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఆ ఏడు డైరీ తీసి చూస్తే మార్చి నుంచి నవంబరు దాకా పచ్చళ్లు, గ్యాస్ సిలిండర్లు, ఈయన మందులు అన్నీ ఉన్నాయి. ప్రజ్ఞ పేరు ఎక్కడా లేదు.

జనవరి 7

అస్తమయం 5.54. 6.15 దాకా చూశాను. లేదు.

జనవరి 8

లేదు. "ఇప్పుడు సూర్యునికి సరిగ్గ వెనక ఉన్నడమ్మా, నెల దాక కనపడడు, ఎందుకు ఊరికే మెట్లెక్కుతవ్?" అంది ప్రజ్ఞ. చూపు అలవాటు కావాలి కదా అన్నాను.

పడమర వైపు గుట్ట ఉంది. గ్రానైట్ వాళ్లు మధ్యలో కోసుకుపోయారు. ఆ కోసిన చోట ఆకాశం నేల దాకా కనిపిస్తుంది. చుక్క వస్తే అక్కడే రావాలి.

జనవరి 10, శనివారం

ఈయన వాకిట్లోంచి కేకలు. "దేవకీ! వచ్చిండే నీ శుక్రుడు! పెట్టె సదురుకోండ్రి!"

చేతికి పిండి ఉండగానే పరుగెత్తాను. చూస్తే తూర్పున, సత్యనారాయణ గుడి లైటు మీద, పెద్దగా, నిలకడగా ఒక చుక్క. ప్రజ్ఞ కిటికీలోంచి చూసి, "బాపూ, పొద్దుగూకినంక తూర్పుకు కనపడేది శుక్రుడెట్లయితడు? గది గురుడు" అంది.

"ఎవడైతేంది, గురుడు శుక్రుని కన్న పెద్దోడే గద. గాయన సంతకం చెల్లదా?" అన్నారు ఈయన.

అందరం నవ్వాం. ప్రజ్ఞ చెప్పింది: నక్షత్రమైతే మిణుకుమిణుకుమంటుంది, గ్రహమైతే నిలిచి వెలుగుతుంది. విమానమైతే కదులుతుంది. శుక్రుడైతే అన్నిటికంటే ఎక్కువ వెలుగు, ఎవరూ వేలు పెట్టి చూపక్కర్లేదు.

గుర్తుంచుకున్నాను.

జనవరి 12

లేదు. పాప నన్ను చూసి నవ్వింది. గ్యాసు అంది బుచ్చవ్వ. గ్యాసు కాదు.

జనవరి 17

లేదు. బరువు 4 కిలోల 250.

పాపను ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరిగితే సరిగ్గా నలభై అడుగులకు నిద్రపోతుంది. ప్రజ్ఞ ఎత్తుకుంటే వంద అడుగులకైనా పోదు. ఈ మాట దానితో అనలేదు.

జనవరి 20, మంగళవారం

కూరగాయలకు పోయినప్పుడు గుడి దగ్గర అయ్యగారు కలిశారు. అంతయ్యగారి కంటి సంగతి చెప్పాను. ఊరికే చెప్పాను, అడగాలని కాదు.

"అరెరె, మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా? తప్పనిసరి ప్రయాణానికి శాస్త్రంల దారి ఉంది. రేవతి, అశ్విని నడిచేటప్పుడు శుక్రుడు గుడ్డోడు. ఎవరు పోతున్నరు, ఎవరు వస్తున్నరు ఆయనకు కనపడది. దోషం లేదు. ఆదివారం రథసప్తమి, రేవతి. సోమవారం అశ్విని. నిమ్మళంగ తోల్కపోండ్రి."

వంకాయలు, చిక్కుడుకాయలు, కొత్తిమీర. పాల ప్యాకెట్లు మరిచిపోయి వచ్చాను. ఎప్పుడూ మరవను.

జనవరి 21

మేడారం జాతర వచ్చే వారమే. బస్సులన్నీ అటే పోతాయి. కార్లు దొరకవు.

(మనకు కారుంది. కానీ రోడ్ల మీద రద్దీ.)

జనవరి 23

వసంత పంచమి. బాసరకు పోయే బండ్లు తెల్లారుజామున మొదలయ్యాయి. ప్రజ్ఞ "అయ్యగారిని ఒకసారి అడగరాదు, ఏమన్న దారి ఉంటదేమో" అంది. చూద్దాం అన్నాను.

జనవరి 25, ఆదివారం

పాప తుమ్మింది. రెండుసార్లు.

జనవరి 26, సోమవారం

తుమ్మలేదు. ఒళ్లు కూడా చల్లగానే ఉంది. అయినా గాలి మంచిది కాదు.

సాయంత్రం ఆరింటికి మేడ మీద ఉన్నాను. ఏమీ లేదు. మెట్లు దిగుతుంటే మనసు తేలికగా ఉంది. ఎందుకో రాయను.

జనవరి 30

అంతయ్యగారు దర్వాజకు తాకి నుదురు పగులగొట్టుకున్నారట. మూడు కుట్లు. పని మానలేదట. పొనికి చెక్కను వేళ్లతో తడుముకుంటూ సీతాఫలం బొమ్మ చెక్కుతున్నారట. రంగులు మాత్రం ఆయన భార్య అనసూర్య వదినె వేస్తోంది.

సాయిచంద్ ఫోన్ పెట్టేముందు అన్నాడు: "అత్తమ్మా, బాపు దినాం అడుగుతుండు, పొల్ల ఎవల పోలిక అని. నేనేం చెప్పాలె?"

అందరి పోలికలూ ఉన్నాయని చెప్పమన్నాను.

ఫిబ్రవరి 2

లేదు.

ఫిబ్రవరి 4

పలచటి మబ్బు. లేదు.

ఫిబ్రవరి 7, శనివారం

"ఇయ్యాల్టి నుంచి జాగ్రత్తగ చూడమ్మా" అంది ప్రజ్ఞ. "అస్తమయం అయినంక ఇరవై నిమిషాలకు. బాగ కిందికే చూడు."

అలాగే అన్నాను. చూశాను. గుట్ట కోసిన చోట దుమ్ము ఎర్రగా లేచి ఉంది. లేదు.

దిగి వచ్చేసరికి కింది మెట్టు మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "కనపడ్డదా?" అంది. నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు పరీక్ష కాగితాలు చూపించి, కొడతానా లేదా అని అలా చూసేది.

ఫిబ్రవరి 8

లేదు. బరువు 4 కిలోల 900.

ఫిబ్రవరి 9

లేదు. నిజంగానే లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

6.34. మబ్బు.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్న మబ్బు అని రాశాను. ఒక మూల కొద్దిగా ఉండింది కూడా.

అది విమానం దీపమై ఉండాలి. పది నిమిషాలు నిలబడి చూశాను. కదల్లేదు. 6.45కు గుట్ట అంచు వెనక్కి దిగింది. హైదరాబాదు పోయే విమానాలు అటు వైపు పోవు.

ఇవాళ మళ్లీ చూశాను. 6.33 నుంచి 6.46. కోసిన చోట అంచు మీద రెండు వేళ్ల ఎత్తున. దానికి చాలా పైన చిన్నది ఇంకొకటి వచ్చింది. అంటే రెండు ఉన్నాయి. రెండింటిలో ఏది శుక్రుడో తెలియకుండా కనిపించిందని చెప్పడం తప్పు. పైన ఉన్నది కూడా కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఉండేదే శుక్రుడు. తెలుసు.

ఆదివారం శివరాత్రి. మంగళవారం అమావాస్య. అమావాస్య ముందు ఎలాగూ పంపరు. 19 గురువారం బాగుంది. అంటే ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల్లో ఏమవుతుంది? పాప అప్పటికి మెడ నిలుపుతుంది, ప్రయాణానికి కూడా సులువు. రేపు చెబుతాను. రేపో, ఎల్లుండో. చెప్పి, 19 అని కూడా నేనే చెబుతాను.

కింది మెట్టు మీద అడిగింది. "కనపడ్డదా?"

"లేదు" అన్నాను. నిన్న కూడా అదే అన్నాను.

"సరే, రేపు" అంది. పాప చేయి పట్టుకుని నాకు టాటా చెప్పించింది.

ఫిబ్రవరి 12, గురువారం

9.20కి సాయిచంద్ ఫోన్. ప్రజ్ఞ స్పీకర్ పెట్టింది.

పొద్దున అంతయ్యగారు లేచి మంచం మీద కూర్చుని, ఇంత చీకటున్నా లైటు ఎందుకు వేయలేదని అడిగారట. అప్పటికే వాకిట్లోకి ఎండ వచ్చిందట. అనసూర్య వదినె భయపడి వెళ్లి లైటు వేసిందట. వేసినవా అని అడిగారట. వేసిన అని చెప్పిందట.

కుడి కంట్లో కూడా రక్తం నిండింది. నిజామాబాద్ తీసుకుపోతున్నారు. డాక్టరు ఫోన్‌లోనే ముందుగా చెప్పాడట, ఆశ పెట్టుకోవద్దని.

ప్రజ్ఞ ఏడవలేదు. లోపలికి పోయి పాప బట్టలు తీసి మంచం మీద పరిచింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"రేపు పొద్దున పోతున్న" అంది. "శుక్రవారమని అనకు. మూఢమని అనకు. చుక్క కనపడకున్న పోతున్న."

కనిపించిందని అప్పుడు చెప్పవచ్చు. చెబితే దానికి దోషం భయం ఉండదు. చెబితే

ఉతికిన లంగోటీలు పన్నెండు, స్వెటర్లు రెండు, టోపీలు మూడు, గ్రైప్ వాటర్, వేడినీళ్ల ఫ్లాస్కు, దూది. నేనే సర్ది పెట్టాను. ఏదీ మరవలేదు.

సాయంత్రం మేడ ఎక్కలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నిర్మల్ నుంచి వచ్చి ఒక్కదాన్నే రాస్తున్నాను. ఈయన టీవీ ముందు కూర్చున్నారు కానీ టీవీ పెట్టలేదు.

6.40కి బయలుదేరాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. ఆర్మూరు దాటాక పాపకు పాలు. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే ఈయన అలవాటుగా రూపాయి బిళ్ల తీశారు, మళ్లీ జేబులో వేసుకున్నారు. 10.50కి చేరాం.

పెళ్లయిన రెండేళ్లలో ఆ ఇంటికి నేను పోవడం ఇదే మొదటిసారి. ముందు గది పని గది. చెక్క పొట్టు, ఉడికించిన చింతగింజల జిగురు వాసన, రంగుల వాసన. ఈ వాసన పాపకు పడదని నేను చాలాసార్లు అనుకున్నాను. పాప దర్వాజ దాటగానే కళ్లు పెద్దవి చేసి చూసింది. తుమ్మలేదు.

అంతయ్యగారు వాకిట్లో పీట మీద కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా. మొహం సూర్యుడి వైపు ఎత్తి పెట్టుకున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. నుదుటి మీద కుట్ల గుర్తు.

"వచ్చినవా బిడ్డా?" అన్నారు. ప్రజ్ఞ చెప్పుల చప్పుడు ఆయనకు ఎరుకే.

"వచ్చిన మామా" అని పాపను ఒళ్లో పెట్టింది. ఆయన ఒక అరచేతిలో పాప తల, ఇంకో అరచేతిలో నడుము పట్టుకుని, కొద్దిసేపు అలాగే ఉన్నారు. బరువు చూస్తున్నట్టు. తర్వాత బొటనవేలితో నుదురు తడిమారు. కనుబొమ్మలు. ముక్కు. పెదవుల మీద వేలు పెడితే పాప చీకింది. ఆయన గట్టిగా నవ్వారు.

"ఇగో అనసూర్యా, చెవులు మా అవ్వయే. కిందికి అతుక్కోని ఉన్నయ్. గడ్డం నాది. ముక్కు మాత్రం దొరసానులదే, మనింట్ల గింత పొడుగు ముక్కు లేదు. ఏం చెల్లె, నిజమేనా?"

"నిజమే అన్నా" అన్నాను. నేను ఎనభై రోజులు ఆ చెవులు తుడిచాను. అతుక్కుని ఉన్నాయని చూడలేదు.

అనసూర్య వదినె చాయ్ తెచ్చింది. నా పక్కన కింద కూర్చుంది. కుర్చీ ఇస్తే వద్దంది.

"ఏం చేస్తం వదినె, రాత" అంది. "మొన్న రేవతిల రావచ్చని మా అయ్యగారు చెప్పిండు. గప్పుడు శుక్రునికి కండ్లుండయట. ఈన గునిసిండు, ఫోన్ చెయ్యి, అడుగు అని. నేనే వద్దన్న. పెద్దోళ్లు, అన్ని తెలిసినోళ్లు, తోలేదుంటే వాళ్లే తోలుతరు, మనం అడిగి మాట పోగొట్టుకునుడు ఎందుకని."

ప్రజ్ఞ నా వైపు తిరిగింది.

"అయ్యగారిని అడిగినవా అమ్మా?"

"అడిగిన."

"ఎప్పుడు?"

"జనవరి ఇరవై."

కాసేపు నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేచి, "పాపకు నీళ్లు కాగబెడత" అని లోపలికి పోయింది. వదినె నా మొహం చూసి, దాని మొహం చూసి, ఏమీ అర్థం కానట్టు చాయ్ గ్లాసులు తీసుకుని వెనకే పోయింది. అర్థమైందని నాకు తెలుసు. మా ఈయన సాయిచంద్‌తో డాక్టరు కాగితాలు చూస్తూ గేటు దగ్గర ఉన్నారు.

వాకిట్లో నేను, ఆయన, పాప.

చెప్పకుండా లేచి రావచ్చు. చుక్క కనిపించిన సంగతి ఎవరికీ తెలియదు. మేడ మీద నేను తప్ప ఎవరూ లేరు, ఈ డైరీ ఎవరూ తెరవరు. రేవతి సంగతి బయటపడింది కాబట్టి దానితోనే పోతుందని కూడా అనుకున్నాను. కానీ ఆయన మొహం ఎండ వైపు పెట్టి, పాప కాలి వేళ్లు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నారు. నా వైపు చూడని మనిషి ముందు చెప్పడం సులువనుకున్నాను. సులువు కాలేదు.

"అన్నా, చుక్క నాకు మంగళవారమే కనపడ్డది. నేను చెప్పలే."

వేలు ఆగింది.

"మంగళారమా?" అన్నారు.

"మంగళవారం. బుధవారం మళ్ల కనపడ్డది."

"బుధారం" అన్నారు. పాప పాదాన్ని మొత్తం గుప్పిట్లోకి తీసుకున్నారు. "బుధారం పగటాల నాకు అరచేతిల గీతలు కనవడ్డయ్ చెల్లె. గీ పీట మీదనే కూసోని సూసుకున్న. అనసూర్యకు చెప్పిన గూడ, ఇయ్యాల మంచిగున్నదని."

క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే ఆయన పర్వాలేదంటారు. ఆ మాట ఆయనతో అనిపించే హక్కు నాకు లేదు.

లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు. వీధిలో ఎవరో ఇనుప సామాను కొంటామని కేకేసుకుంటూ పోయాడు.

ఆయనే మళ్లీ మాట్లాడారు. గొంతు మామూలుగానే ఉంది.

"ఏ రంగుండె?"

"ఏందన్నా?"

"చుక్క. తెల్లగుండెనా, పసుపు గలిసిందా, గులాబి ఛాయ కొట్టిందా? గుట్ట మీదికెల్లి దుమ్ముల కనవడితే తెలుపు తెలుపు తీరుండది. మా బాపు మమ్ముల నిలవెట్టి సూపెడుతుండె. గా రంగు కలిపితె పనోడని అంటుండె. నాకు ఒక్కనాడు కుదురలే. నువ్వు సూసినవ్ గద, చెప్పు."

నేను గుర్తు చేసుకున్నాను. నిజాయితీగా గుర్తు చేసుకున్నాను. 6.34 గుర్తుంది. రెండు వేళ్ల ఎత్తు గుర్తుంది. 6.45కు దిగిపోవడం గుర్తుంది. మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమోనని వెనక్కి చూడటం, పక్కింటి మేడ మీద ఆరేసిన దుప్పటి, నా చేతిలో తులసి చెంబు, అన్నీ గుర్తున్నాయి. రెండు సాయంత్రాలు, పది పదిహేను నిమిషాల చొప్పున, ప్రజ్ఞ చెప్పినంత వెలుగుతో నా ఎదురుగా నిలబడింది. ఎప్పుడు దిగిపోతుందా అని చూశాను.

"చూడలేదన్నా" అన్నాను.

"అయ్యో, చెల్లె" అన్నారాయన.

ఆ అయ్యో నా కోసం.